దీపంలో మిగిలిన నూనె

“ఆడోళ్ళ చేతికిచ్చిన బండి ఇంతే మే.”

మునిశేఖర్ ఈ మాట కోపంగా అనలేదు. పులిహోర తిన్న చెయ్యి కడుక్కుని, అమల అందించిన తువ్వాలుతో తుడుచుకుంటూ, ఇవాళ ఉక్కగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. మామూలుగా అన్న మాటకు ఏం జవాబు చెప్పాలో పెళ్ళయిన ఇన్నేళ్ళలో అమలకు తెలిసి రాలేదు. కొండ దేవుడికి ప్రీతి అయిన పెరటాసి నెల, శనివారం. ఇంట్లో వేంకటేశ్వరుడికి తళిగ వేశారు, పులిహోరా వడలూ ఆకులో పరిచి నైవేద్యం పెట్టారు. నుదుట పెట్టుకున్న నామం చెదిరిపోకుండా హెల్మెట్టును జాగ్రత్తగా తలకు దించుకుని, పాకాలలో మేనమామ ఇంట్లోనూ తళిగ ఉందనీ సాయంత్రానికి వచ్చేస్తాననీ తల్లికి చెప్పి అతను మోటారు సైకిలెక్కాడు. మరి నా బండి సంగతి ఏమిటని అమల గడప దగ్గర నిలబడి అడిగింది.

“రేపు ఎవురన్నా మెకానిక్కు దొరికితే సూద్దాం. లేదంటే వచ్చే వారం. నువ్వేమన్నా కలెక్టరాఫీసుకు పోవాల్నా?” అని నవ్వి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

అమల పోవాల్సింది కలెక్టరాఫీసుకు కాదు, జనం ఇళ్ళకు. తిరుపతిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో ఆమెది ఇల్లిల్లూ తిరిగి నెత్తురు తీసుకొచ్చే పని. చంద్రగిరి దోవలో ఉన్న తమ ఊరి నుంచి చీకటి విడవకముందే బయలుదేరితే గానీ పరగడుపున కాచుకుని కూర్చునే షుగరు మనుషులకు అందదు. ఆలోగా మొగుడికి క్యారియరు కట్టాలి, అత్తకు సంగటి కెలికి మూత పెట్టాలి, నీళ్ళు పట్టాలి, వాకిలి చిమ్మి ముగ్గు వెయ్యాలి. ముగ్గు వెయ్యకుండా వెళ్ళిన ఒక్క పొద్దున గురించి ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత చేసి పోతే, ఒకరు చెయ్యి చాపేముందు ‘మీరేమిట్లమ్మా’ అని కులం అడుగుతారు, ఒకరు పెరటి దోవన రమ్మంటారు, ఇంకొకరు ‘ఎట్టాగూ వస్తా ఉండావు గదా, ఒక పాల ప్యాకెట్టు పట్టుకురా’ అని ఫోను చేస్తారు. ల్యాబులో ఆమెకు పేరు లేదు, సూదమ్మాయి అంటారు. అయినా ఆ పనంటే అమలకు ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పగలిగేది చిన్న సంగతే. ఆ ఇళ్ళలో దేవనాథన్ గారని దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. గేటు చప్పుడు కాగానే అరుగు మీద నుంచే, “రా తల్లీ. నా కాఫీ నీ చేతిలో ఉంది. నువ్వు సూది తీస్తే గానీ మా ఇంట్లో డికాక్షన్ దిగదు” అంటాడు. ఇంట్లో అందరూ ఆమె చేతి అన్నం కోసం చూస్తారు, ఆమె పట్టిన నీళ్ళ కోసం చూస్తారు. ఆమె కోసం ఎదురుచూసే గుమ్మం ఈ భూమ్మీద అదొక్కటే అనిపించేది అమలకు.

నిన్న పొద్దున ఆ గుమ్మం నుంచే వస్తూండగా బండి బెల్టు తెగింది. ఇంజను గోల పెడుతోంది, చక్రం మాత్రం కదలదు. ఐసు డబ్బాలో నెత్తురు గొట్టాలు పెట్టుకుని, బండిని తోసుకుంటూ, ఆటో కోసం చెయ్యెత్తుకుంటూ ఆమె ల్యాబుకు చేరేసరికి పొద్దెక్కింది. ఇన్‌చార్జి సునీల్‌కుమార్ కూడా అరవలేదు. అరవని మగవాళ్ళే దొరికారు ఆమెకు అన్నిచోట్లా. కంప్యూటరు మీంచి తలెత్తకుండానే, “ఇది మూడోసారి అమలా. ఇందులో సగం మళ్ళీ తీసుకురావాల. బండి నీది, బాధ్యతా నీదే. సోమవారం పొద్దున బండితో వస్తే సరి. లేదంటే నీ రూటు భానుప్రియకు ఇచ్చేస్తా” అన్నాడు. భానుప్రియ పక్కనే సూదులు సర్దుతూ తల వంచుకుంది. సాయంత్రం బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని అమల ఇంటికి తెచ్చుకుంది. సోమవారానికి మధ్యలో ఉన్నది శనివారం, ఆదివారం. మునిశేఖర్ అన్నది వచ్చే వారం.

మునిశేఖర్ చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. టైల్సు షోరూములో పని, తాగడు, చెయ్యెత్తడు. పెళ్ళాన్ని స్కూటరు మీద ఉద్యోగానికి పంపించే మొగుడని చుట్టాల్లో అతనికి ఒక పేరు కూడా ఉంది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఆమె భుజం తట్టి, “శేఖరు బంగారు మే, నువ్వు పెట్టి పుట్టినావు” అంటారు. అతను పక్కన నిలబడి, “నేనెప్పుడన్నా వద్దన్నానా?” అంటాడు. నిజమే, వద్దనలేదు. షోరూములో ఎవడో ‘మీ ఆవిడ ఇంటింటికీ పోయి నెత్తురు పీకతాదంట గదన్నా’ అన్నాడని ఒకసారి అన్నం తింటూ చెప్పాడు, అంతే. చెప్పి, ఆమె ఏమంటుందా అని చూశాడు. ఆమె అతని కంచంలో ఇంకాస్త పులుసు పోసింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కడుపు పండకపోవడానికి కారణం బండి కుదుపులేనని మేనత్త ఒకతె తేల్చినప్పుడు కూడా అతను వద్దనలేదు, ఔననలేదు, సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

అమల ఇల్లు సర్దలేదు. తళిగ గిన్నెలు పంపు దగ్గర గుట్టగా అట్లాగే వదిలేసి, అత్త కునుకు తీస్తూండగా, రైలు గేటు దగ్గరి ఏకాంబరం షెడ్డుకు నడిచి వెళ్ళింది. ఆ షెడ్డు లోపలికి ఎన్నడూ పోలేదామె. బండి చెడితే మునిశేఖరే తీసుకుపోయేవాడు. మెకానిక్కు షెడ్డు ముందు ఆడమనిషి నిలబడితే బాగుండదని అతని మాట. వెళ్ళి చూస్తే ఏకాంబరం ఎడమ చెయ్యి మెడలోంచి వేలాడుతోంది. జాకీ జారి ఎముక విరిగిందట. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చాడు. వెదురు బద్దలూ గుడ్డు సొన వాసనా.

“ఈ సేత్తో నేనేం సేసేదిమ్మా?” అన్నాడతను. “పని మనుషులంతా పెరటాసి అని కొండకు పోయిరి. మంగళవారం దాకా రారు.”

ఆమె కదల్లేదు. సోమవారం సంగతి చెప్పింది.

ఏకాంబరం ఆమె చేతుల వంక చూశాడు. “అయితే నువ్వే ఏసుకో. కండలో కనపడని నరాన్ని సూదితో పట్టేదానివి, కంటికి కనపడే నట్టును పట్టలేవా?” అని, కొత్త బెల్టూ, బాక్సు స్పానర్లూ, పుల్లీ తిరక్కుండా పట్టే ఇనప చట్రమూ ఒక సంచిలో వేసి ఇచ్చాడు. ఎలా విప్పాలో గాలిలో ఒంటి చేత్తోనే చూపించాడు. ముందు కిక్కు రాడ్డు, తర్వాత పక్క కవరు, ఆ తర్వాత ముందరి పుల్లీ నట్టు. వెనక పుల్లీని రెండు చేతులా నొక్కి తెరిస్తే బెల్టు లోపలికి దిగుతుంది, అప్పుడు ముందర వదులొస్తుంది. బెల్టు మీద బాణం గుర్తు బండి పోయే వైపుకే ఉండాలి. “ఎక్కడన్నా నిలిచిపోతే ఫోను సెయ్యి,” అన్నాడు.

వసారాలో పాత గోనె పరిచి అమల కూర్చుంది. ఊడదీసిన బోల్టులను పొద్దున వడలు పెట్టిన స్టీలు తట్టలో వరసగా పేర్చుకుంటూ పోయింది, ఏది ఏ కన్నానిదో మరిచిపోకుండా. కొన్ని లేచాయి, కొన్ని మొండికేశాయి. మొండికేసిన వాటి దగ్గర స్పానరు మీద అరికాలు పెట్టి ఒంటి బరువంతా మోపింది. టక్కుమని ఒకటి లొంగినప్పుడు, ఎవరూ చూడకుండానే ఆమె ముఖం మీద చిన్న నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తానికి అదొక్కటే నవ్వు. చివరి బోల్టు తీసి, కవరు అంచును అటూ ఇటూ కదిపి లాగేసరికి అది ఊడి చేతిలోకి వచ్చింది. దానితో పాటే వాసన కూడా వచ్చింది.

పెట్రోలు వాసన కాదు. కాలిన రబ్బరు వాసన ఉంది గానీ దాని కింద ఇంకొకటి ఉంది. అమల చేతిలో కవరు అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. ముక్కు పోల్చుకున్నా మనసు ఒప్పుకోలేదు. అది దేవుడి గూటి వాసన. నువ్వుల నూనె. లోపల గోడలంతా నల్లటి జిడ్డు, తెగిన బెల్టు పీలికలు, రబ్బరు పొట్టూ అందులో తడిసి పేడలా అంటుకున్నాయి. కవరు పైన గాలి పోవడానికి సందు ఉంటుంది. సరిగ్గా దాని కింద, మూలలో ఏదో ఇరుక్కుని ఉంది. వేలితో తీసి చూసింది. సగం కాలిన దూది వత్తి. ప్రతి శుక్రవారం సాయంత్రం తొడ మీద పెట్టుకుని ఆ వత్తులు నులిమేది తనే.

వేళ్ళు తుడుచుకోకుండానే ఏకాంబరానికి ఫోను చేసింది.

“అన్నా, లోపలంతా నూనె ఉండాది.”

“మళ్ళీనా?” అన్నాడతను. “ఏందిమ్మా ఇది? పోయిన రెండు సార్లూ ఇదే గదా కథ. బెల్టుకు నూనె తగిలితే జారతాది, కాగతాది, తెగతాది. మీ ఇంటాయనకు కవరు సూపించి మరీ సెప్తినే. ఎవురో ఇంట్లో నూనె పోస్తా ఉండారు సామీ, ఆపండి, స్పీడులో తెగితే ఆయమ్మ పడిపోతాది అని సెప్తిని. సరేలే, నేను సూసుకుంటా అనినాడు. నీకు సెప్పలేదా?”

“చెప్పినాడులే అన్నా. నేనే మరిచిపోయినా,” అంది అమల.

ఎందుకలా అంది? మొగుడు తనకు చెప్పలేదని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది. సిగ్గుపడాల్సినవాడు పాకాలలో రెండో తళిగ తింటున్నాడు. ఆ ఇంట్లో గిన్నెలు తోమడంలాగే సిగ్గుపడడం కూడా ఆమె వంతు పనే అయిపోయింది.

మొదటిసారి తెగినప్పుడు వాన. రెండోసారి అలిపిరి దగ్గర, వెనక బస్సు వస్తూండగా. ఆ రెండు సార్లూ మునిశేఖర్ బండి బాగుచేయించుకొచ్చి, తాళం చెవి ఆమె చేతిలో పెడుతూ, “బ్రేకు పట్టుకుని యాక్సిలేటరు తిప్పుతా ఉండావంట మే. మెకానిక్కు సెప్పినాడు. నీ చేతికి బండి ఆగదు” అన్నాడు. ఆమె నమ్మింది. మెకానిక్కు చెప్పాడంటే నమ్మక ఏం చేస్తుంది? అప్పటి నుంచి బండిని పసిబిడ్డలా తోలింది. ఎత్తు ఎక్కాల్సిన చోట దిగి తోసింది. బియ్యం మూట బండి మీద పెట్టడం మానేసి నెత్తిన మోసుకొచ్చింది. బ్రేకు మీద వేలు పడిందేమోనని దారంతా తన చేతినే తాను చూసుకుంది. రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని తన కుడి మణికట్టు ఎలా తిరుగుతోందో ఊహించుకుంది. అతనికి క్షమాపణ కూడా చెప్పింది. “నా వల్ల నీకెంత తిరుగుడో” అంటే, అతను పెద్దమనసుతో “పోన్లే” అన్నాడు. ఆ ‘పోన్లే’ ఇప్పుడు గుర్తొచ్చింది. తన చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదని తెలిశాక ఊరటగా ఉండాలి కదా, ఉండలేదు. తప్పు తనదే అయి ఉంటే దిద్దుకునేది. దీన్ని ఎట్లా దిద్దుకోవాలి?

“ఏం మే, బండిని పనసకాయ కోసినట్టు కోసి పెట్టినావు?”

అత్త గురవమ్మ నిద్ర లేచి వచ్చింది. పొద్దు వాలుతోంది. ఆమె చేతిలో ఇత్తడి గిన్నె ఉంది. గిన్నెలో దీపంలోంచి వంచిన నూనె, రెండు కాలిన వత్తులు.

అమల ఆ గిన్నె వంక చూసింది. “అత్తా, బండిలో నూనె పోసింది నువ్వేనా?”

“నేను గాక ఇంకెవురు పోస్తారు?” అంది గురవమ్మ, మెచ్చుకోలు మాట విన్నట్టు. గోడకు చేరగిలి కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. “దీపంలో మిగిలిన నూనె తొక్కే తావున పొయ్యకూడదు. మీ మామ ఉన్నప్పుడు ఎద్దుల బండి ఇరుసుకు పోసేవాడు. ఆ బండి పోయినాక సైకిలు చైనుకు. మళ్ళ శేఖరు మోటారు సైకిలు చైనుకు పోస్తా ఉంటిని. నువ్వు జీతం డబ్బుతో ఇది కొన్నాక నేనే అంటిని. ఒరే, నీది మగోడి బండి, ఎట్టన్నా పోతాది, అది సీకట్లో ఒంటిగా పోతాది, దాని బండికి పోస్తా అంటిని. దీనికి చైను యాడుండాదో తెలీలే. కీచుమని శబ్దం యాడ నుంచి వస్తాదో ఆడ పోసినా. శనివారం శనివారం మరిచిపోకుండా పోసినా. దేవుని నూనె ఉంటే ఎదురొచ్చే లారీ గూడా పక్కకు తప్పుకుంటాది మే.”

అమల చీకట్లో ఒంటరిగా వెళ్తుందన్న ఆలోచన ఈ ఇంట్లో ఒకరికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె మీద ఎవరైనా పడ్డ బెంగ ఇదే, ఇదొక్కటే. అది గాలి సందులోంచి లోపలికి దిగి, ఒక్కొక్క చుక్కే, ఆమె బతుకును తెంపుతూ వచ్చింది. చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ చెప్పకపోతే ఇప్పుడా గిన్నె మళ్ళీ ఇందులోకే వంగుతుంది. మెల్లగా చెప్పింది. దీనికి చైను ఉండదనీ, లోపల రబ్బరు బెల్టు ఉంటుందనీ, దానికి నూనె తగలకూడదనీ, మూడు సార్లు తెగింది ఇందువల్లేననీ.

గురవమ్మ ముఖం పాలిపోయింది. గిన్నెను ఒళ్ళోంచి తీసి దూరంగా, అందులో పామేదో ఉన్నట్టు, నేల మీద పెట్టింది. “అయ్యో నాయనా, నాకు తెలీదే మే. నిన్ను నేనే పడగొట్టేదాన్నా? శేఖరు ఒక మాట సెప్పరాదా? వాడికి బండ్ల సంగతి తెలుసు గదా. నా పక్కన్నే ఉంటాడే నేను పోసేటప్పుడు.”

“పక్కన ఉన్నాడా?”

“పోయిన శనివారం గూడా ఉండె. నేను సుక్క సుక్క పోస్తా ఉంటే, ఇంకొంచెం పొయ్యి మా, మంచిదే గదా, అనినాడు.”

ముసలామె ఇది తన కొడుకు మీద నేరంగా చెప్పలేదు. తనకు జరిగిన అన్యాయంగా, ఏడుపు గొంతుతో చెప్పింది. వీధిలో పిల్లలెవరో నామాలు పెట్టుకుని, చెంబు పట్టుకుని, గోవిందా అని కేక వేసుకుంటూ పోయారు. గురవమ్మ అలవాటు కొద్దీ లేచి గుప్పెడు బియ్యం తెచ్చి వాళ్ళ చెంబులో పోసి వచ్చింది. అమల పాత చీర ముక్కను పెట్రోలులో ముంచింది.

ఆ తర్వాత పనంతా ఆమె చేతులే చేశాయి. జిడ్డు తుడిచింది, మళ్ళీ తుడిచింది, గుడ్డకు నలుపు అంటనంత దాకా తుడిచింది. పుల్లీలను ఆరబెట్టింది. ఇనప చట్రం పట్టుకోమంటే గురవమ్మ రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. బాణం గుర్తు చూసుకుని కొత్త బెల్టు వేసి, నట్లు బిగించి, కవరు మూసి, స్టాండు మీదే బండిని స్టార్టు చేసింది. వెనక చక్రం గిర్రున తిరిగింది. కీచుమనలేదు. మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చేటప్పుడు ఈ క్షణం గురించి ఎన్ని అనుకుంది! చక్రం తిరిగితే ఎగిరి గంతేస్తుందేమో అనుకుంది, మునిశేఖర్‌కు చూపించి మురుస్తుందేమో అనుకుంది. ఇప్పుడు చక్రం తిరుగుతూంటే చూస్తూ కూర్చుంది, అంతే. ఏడుపు కూడా రాలేదు, వస్తే బాగుండేది. అతనికి అమల చచ్చిపోవాలని లేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. తను బస్సు కింద పడి ఉంటే అతను నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చేవాడు. ఉద్యోగం మానెయ్యమని నోటితో అంటే మంచి మొగుడన్న పేరు పోతుంది. అందుకని అతను ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా, తల్లి భక్తి పక్కన చేతులు కట్టుకుని నిలబడి, జరగనిచ్చాడు. ‘ఇంకొంచెం పొయ్యి మా.’ చెయ్యెత్తి కొట్టేవాడితో పోట్లాడవచ్చు, పదిమందిలో పెట్టవచ్చు. చేతులు కట్టుకుని నిలబడినవాడి మీద ఎవరికి చెప్పుకోవాలి?

దీపాలు పెట్టే వేళకు అతను వచ్చాడు. బండినీ ఆమె నల్లటి చేతులనూ చూసి, “అబ్బో, మెకానిక్కు అయిపోయినావే! మంచిది, ఇంక మనకు షెడ్డు బాధ తప్పినట్టే” అని నవ్వాడు.

“నూనె సంగతి నీకు తెలుసునంట గదా. ఏకాంబరన్న చెప్పినాడంట.”

నవ్వు పూర్తిగా పోలేదు, కొంచెం పక్కకు జరిగింది. చెప్పులు విప్పి, గూటి పక్కన తాళం తగిలించి, తీరిగ్గా చెప్పాడు. “అమ్మ మనసు ఎందుకు నొప్పించాల అని ఊరకున్నా. ముసల్ది, దేవుని పేరు సెప్పి సేస్తా ఉండాది. దానికి సెప్తే తట్టుకుంటాదా?”

“నేను పడిపోయింటే?”

“పడలేదు గదా. ఇప్పుడేమయిందని? నేనెప్పుడన్నా ఉద్యోగం మానమన్నానా? అన్నానా, సెప్పు?”

“ఇంకొంచెం పొయ్యమన్నావంట.”

మునిశేఖర్ తల్లి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “నేనట్ల అన్నానా మా?”

గురవమ్మ తమలపాకుకు సున్నం రాస్తోంది. ఆమె కొడుకును చూసింది, కోడలిని చూసింది, మళ్ళీ ఆకును చూసుకుంది. సున్నం రాసిన చోటనే మళ్ళీ రాసింది. “నాకేం గుర్తు మే. నేనట్ల సెప్పలేదే. నువ్వే ఏదో ఇనుకున్నావు. దేవుడి పూట ఈ రచ్చ ఎందుకు ఇంట్లో?”

సాయంత్రమంతా ఇనప చట్రం పట్టుకున్న చేతులే అవి. వేళ్ళ సందుల్లో నలుపు ఇంకా ఉంది. అమలకు ఆమె మీద కోపం రాలేదు. ఈ వయసులో ఆ కొడుకు ఇల్లు తప్ప ఆమెకు ఇంకో గడప లేదు. ఆ గడపలో ఉండడానికి ఏది మరిచిపోవాలో ముసలామెకు బాగా తెలుసు. ఇంకొన్నేళ్ళు పోతే తనకూ తెలుస్తుంది. అట్లాగే గోడకు చేరగిలి కూర్చుని, ఆకుకు సున్నం రాస్తూ, నాకేం గుర్తు అంటుంది. ఆ ఊహకు అమల భయపడ్డట్టు తెగిన బెల్టుకు ఎన్నడూ భయపడలేదు.

“ఆకలిగా ఉండాది, అన్నం పెట్టు,” అన్నాడు మునిశేఖర్. పెట్టింది. అతను ఒక ముద్ద తిని, ముక్కు ముడుచుకుని కంచం కొంచెం అవతలకు జరిపాడు. “చేతులు సబ్బు పెట్టి కడుక్కోరాదా? అన్నమంతా పెట్రోలు వాసన.”

ఆదివారం మామూలుగా గడిచింది. బట్టలు ఉతికింది, పిండి రుబ్బింది, ఎవరో వస్తే మునిశేఖర్ “మా ఆవిడే ఏసింది బెల్టు” అని బండిని చూపించి మెప్పు పొందాడు.

సోమవారం చీకట్లో లేచి క్యారియరు కట్టింది, సంగటి కెలికింది, నీళ్ళు పట్టింది. వాకిలి చిమ్మింది. ముగ్గు గిన్నె చేతిలోకి తీసుకుని, కాసేపు నిలబడి, మళ్ళీ గూట్లో పెట్టేసింది. బండి కీచుమనకుండా కదిలింది. ఇన్నాళ్ళూ ఆ బండి అసలు గొంతు ఎట్లా ఉంటుందో తను వినలేదని దోవలో తెలిసింది. దేవనాథన్ గారు అరుగు మీదే ఉన్నాడు. నా కాఫీ వచ్చింది అంటూ చెయ్యి చాపాడు. ఆమె సూది గుచ్చితే నరం తప్పిపోయింది. ఎన్నడూ అట్లా కాలేదు. “క్షమించండి అయ్యగారూ,” అంటూంటే కళ్ళు మసకబారాయి. ఆ పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, రెండో చెయ్యి చాపాడు.

ల్యాబులో భానుప్రియ ఐసు డబ్బా భుజాన వేసుకుని తయారుగా నిలబడి ఉంది. అమలను చూసి, నేరం చేసినట్టు డబ్బా కిందికి దించింది. “రావేమో అనుకున్నా అక్కా. సారే తయారుగా ఉండమన్నాడు.” ఆ పిల్ల నాయుడుపేట వైపు నుంచి వచ్చి, బస్టాండు వెనక ఒక లేడీస్ హాస్టల్లో ఉంటోంది.

అమల గొట్టాలన్నీ అప్పజెప్పి, సంతకం పెట్టి, ఆమెను మెట్ల దగ్గరకు పిలిచింది.

“భానూ, మీ హాస్టల్లో బండి పెట్టుకునేకి తావుండాదా?”

“బండికయితే ఉండాదక్కా, మెట్ల కింద. ఏం, ఇంటికాడ కుదరలేదా?”

“మనిషికో?”

భానుప్రియ నవ్వబోయి ఆగింది. అమల గోళ్ళ కింద ఇంకా వదలని నలుపు వంక చూసింది. “మనిషికంటే కష్టం అక్కా. పెళ్ళయినోళ్ళను ఉంచుకోరు. ఉంచుకున్నా, మొగుడు వచ్చి సంతకం పెట్టాల అంటాది మా వార్డెను.”

అమల తల ఊపింది. ఆ మాటకు ఆశ్చర్యపోవడానికి కూడా ఆమెలో ఏమీ మిగల్లేదు. సాయంత్రానికి మళ్ళీ ఆ ఇంటికే పోవాలి, ఆ గిన్నెలే తోమాలి. వచ్చే శనివారం మళ్ళీ ఆ దీపమే వెలుగుతుంది. అయినా చేతి సంచిలోంచి తాళం చెవి తీసి, భానుప్రియ అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తనే మూసింది.

“నేను బస్సులో పోయి, రేపు మొదటి బస్సుకు వస్తా. మీ వార్డెనును ముందు బండిని ఉంచుకోమను. నేను వెనకాల వస్తా.”